గాజు బుంగల తెల్లగార

ఆ రోజుల్లో (అంటే మరీ తాతల కాలం కాదు, ఇంటింటికీ టచ్ ఫోనూ మినరల్ వాటర్ క్యానూ వచ్చేసిన తర్వాతి రోజులే) నాకు తెలియని విషయం లోకంలో లేదని నేను గట్టిగా నమ్మేదాన్ని. అప్పుడే బీయస్సీ కెమిస్ట్రీ ముగించి ఊరికి వచ్చాను. ఆ వయసులో డిగ్రీ కొత్త చెప్పుల్లాంటిది, నడిచే ప్రతి అడుగూ పక్కవాళ్లకు వినపడాలనిపిస్తుంది. మా ఇంట్లోవాళ్లూ తక్కువ తినలేదు. పాలు విరిగితే నన్ను పిలిచేవాళ్లు. గ్యాసు పొయ్యి మంట ఎర్రగా వస్తే నన్ను పిలిచేవాళ్లు. పక్కింటావిడ తలకు వేసుకున్న నల్ల రంగు వారం తిరిగేసరికి రాగి చెంబు రంగుకు తిరిగితే, ఆవిడ కూడా మా గడప దగ్గరికే వచ్చి కూర్చుంది. “కెమిస్ట్రీ చదివింది గదా” అని అందరిదీ ఒకటే మాట. నేను చెప్పిన చిట్కాలకు ఫలితం కనిపించిన గుర్తు నాకైతే లేదు గానీ, పిలుపులు మాత్రం తగ్గలేదు. ఉద్యోగం లేని చదువుకు ఊళ్ళో ఆ మాత్రం మర్యాద దొరకడమే గొప్ప.

మా ఊరు బత్తలపల్లెకు కూతవేటు దూరం. మా బోరు నీళ్ల గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథలో విలన్ అంటూ ఉంటే అదే. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్లో రెండు రోజులు నిలవుంటే అంచున తెల్లటి గీత పడుతుంది. స్టీలు గ్లాసులు పెళ్ళికి పెట్టినవైనా సరే, ఆర్నెల్లకు పొర కమ్మిన కళ్ళలా చూస్తాయి. మా ఊరివాళ్ల పళ్ళకు ఉన్న గారను చూసి, ఫలానా మండలమని బస్సు కండక్టరు చెప్పేస్తాడు. అందుకే ఆర్వో ప్లాంటు వచ్చినప్పుడు దానికి టెంకాయ కొట్టి హారతి ఇచ్చారు. ఎండాకాలంలో ఇంటికొక క్యాను కంటే ఎక్కువ ఇవ్వరు కాబట్టి, మా అవ్వ (నాయనను కన్న తల్లి) ఆ క్యాను పక్కనే మంచం వేసుకునేది. మా ఇంట్లో శాసనం ఒకటే: అవి గొంతులోకి పోయే నీళ్లు, చేతికి తగలకూడదు. ఒకసారి మా అమ్మ పొరపాటున ఆ నీళ్లతో గరిటె కడిగిందని ఒక పూటంతా అవ్వ ఆమెతో మాట్లాడలేదు.

ఇక మా చిన్నాయన. నాయనకు తమ్ముడు. నలభైకి దగ్గర పడినా పెళ్ళి కాలేదు, ఏ పనీ అచ్చి రాలేదు. తేనెటీగలు పెంచితే అవి పక్క ఊరి తోటకు ఎగిరిపోయాయి. కోళ్ల ఫారం పెడితే గాలివానకు రేకులు ఎగిరిపోయాయి. (“మావోడు ఏది పట్టినా ఎగిరిపోతాది” అని నాయన అనేవాడు.) చివరికి ఎగరడానికి వీల్లేనిది కదా అని దానిమ్మ చెట్లు పెట్టాడు. అవి బాగానే కాశాయి. కానీ మా బోరు ఒకరోజు పోసి రెండు రోజులు పడుకునే రకం. నీళ్లు అలా తప్పి తప్పి పారేసరికి కాయలు చెట్టుమీదే పగిలిపోయేవి. పగిలిన కాయను మార్కెట్లో ఎవరూ ముట్టరు. ఆ గంపలన్నీ ఇంటికొస్తే, పిల్లలకూ మేకలకూ కూడా తిని తిని మొహం మొత్తింది.

చిన్నాయన మీద నాకు వల్లమాలిన ప్రేమ. నేను కాలేజీకి పోయిన రోజులన్నీ, తెల్లారకముందే లేచి నన్ను మోటార్ సైకిల్ మీద బస్సు దాకా దింపింది ఆయనే. బస్సు రాకపోతే ఏకంగా అనంతపురం దాకా తీసుకుపోయేవాడు. ఒక్క రోజు కూడా విసుక్కోలేదు. అలాంటి మనిషిని పనికిరానివాడని నలుగురూ అంటుంటే నాకు కడుపు మండేది. అప్పటికే నాయన ఒక నిర్ణయానికి వచ్చేశాడు. యాడికి అనే ఊరి దగ్గర మా బంధువు ఒకాయనకు సున్నపురాయి గని ఉంది. అక్కడ కాటా దగ్గర కూర్చుని లారీలు తూయించే పని చిన్నాయనకు ఖాయం చేశాడు. తోట ఎవరికైనా గుత్తకిచ్చేయడం, ఈయన పోయి ఆ తెల్లదుమ్ములో జీతగాడిగా కూర్చోవడం. చిన్నాయన ఎదురు చెప్పలేదు. ఒక్క నెల గడువు మాత్రం అడిగాడు.

ఆ నెలలో ఆయన చేసింది ఏమిటంటే, పగిలిన దానిమ్మల రసం తీసి, దంచిన అల్లం, బెల్లం వేసి, గాజు సీసాలో పోసి, మూతికి గుడ్డ కట్టి పులియబెట్టాడు. మూడో రోజుకు అది చిన్నగా బుడగలు కడుతూ, సోడాలాగా నాలుకను చురుక్కుమనిపిస్తూ, చూడటానికి కెంపు రంగులో తయారైంది. అవ్వ వాసన చూసి, మా వంశంలో సారా కాసినవాడు లేడని శోకం మొదలుపెట్టింది. కైపెక్కేంత పులవనివ్వలేదని నేను శాస్త్రోక్తంగా వివరించాక ఒక గుక్క తాగింది, తర్వాత గ్లాసు తిరిగివ్వలేదు. చిన్నాయన ఆ సీసా పట్టుకుని లేపాక్షి పోయాడు. అక్కడ పెద్ద నంది దగ్గరికి వచ్చే టూరిస్టుల కోసం దారిపక్కన హోటలు నడిపే ఒకావిడ ఉంది, మేమంతా ఆమెను హోటలక్క అనేవాళ్లం. ఆమె తాగింది, ఇంకోసారి పోయించుకుని తాగింది, తర్వాత ఒక షరతు పెట్టింది. తన కౌంటరు మీద పెద్ద పెద్ద గాజు బుంగల్లో ఈ ఎర్రటి రసం కనపడాలి. బెంగుళూరు నుంచి వచ్చేవాళ్లు ముందు కండ్లతో తాగుతారు, ఆ తర్వాతే నోటితో అంది. ధర్మవరంలో పట్టుచీరలు కొనే పనుండి ఫలానా ఆదివారం ఆ దారినే వస్తానని, బుంగలూ రసమూ చూసి బాగుంటే ఆ రోజే మాట ఖాయం చేస్తానని చెప్పింది. నాయన ఇచ్చిన గడువు కూడా సరిగ్గా అక్కడికే సరిపోతుంది. అంటే చిన్నాయన బతుకు ఊళ్లోనా యాడికిలోనా అనేది ఆ ఆదివారం తేలాలి.

బుంగలు దొరికాయి. బత్తలపల్లెలో ఒక పాత ఆయుర్వేదం డాక్టరుగారింట్లో, ఒకప్పుడు ఆసవాలూ అరిష్టాలూ అనే మందులు పులియబెట్టినవి, మూడు. నిండు గర్భిణిలా కడుపు, సన్నటి మెడ. చెయ్యి కాదు కదా, నాలుగు వేళ్లు కలిపి దూరవు. డాక్టరుగారు పోయాక ఇంటివాళ్లు వాటిలో బోరు నీళ్లు పోసి వరండాలో అలంకారానికి పెట్టుకున్నారు. నీళ్లు ఎండిపోవడం, మళ్ళీ పోయడం, మళ్ళీ ఎండిపోవడం. అలా ఏళ్లు గడిచేసరికి లోపల పొర మీద పొరగా తెల్లగార కట్టి, అవి గాజువో పింగాణీవో పోల్చలేనట్టు అయ్యాయి. చిన్నాయనకు గాజుకు పట్టిన మురికి కంటే గాజు గుణం ముఖ్యం. కడిగితే పోతుందిలే అన్నాడు. కొళాయి నీళ్లు పోసి, తిప్పి ఒక్కసారి తొలిచి, ఉత్సాహం ఆపుకోలేక ఒక బుంగలో తాజా రసం పోశాడు.

పోయగానే అది బుస్సున పొంగింది. చిన్నాయన మొహం చూడాలి. మూడు రోజులకు రావలసిన పొంగు మూడు క్షణాల్లో వచ్చిందని, ఇది బుంగ మహిమని, డాక్టరుగారి చేతి చలవ అని గంతులేశాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను. (డిగ్రీ పట్టా గోడకు వేలాడుతూ చూస్తూనే ఉంది.) పొద్దున లేచి చూస్తే కెంపు రంగు రసం కాస్తా సిరా కడిగిన నీళ్లలా తయారై ఉంది. నోట్లో వేసుకుంటే పులుపు లేదు, చురుకు లేదు, సుద్దముక్క నాకినట్టుంది. అప్పుడు వెలిగింది నా బుర్ర. రసంలోని పులుపంతా ఆ సున్నపు గార మీద పడి దాన్ని తినే పనిలో ఖర్చైపోయింది. మేము చూసి మురిసిపోయిన పొంగు అదే. ఈ సంగతి నేను ముందురోజే చెప్పి ఉండాల్సింది కదా అని ఎవరూ అడగలేదు. అడగనందుకు ఇప్పటికీ వాళ్లందరికీ రుణపడి ఉన్నాను.

సరే, గార వదిలించాలి. ఇసుక పోసి ఊపాము, గాజుకు గీతలు పడేట్టున్నాయని పారబోశాం. రాళ్లుప్పు పోసి ఊపాము, చేతులు పడిపోయాయి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ తెస్తానని చిన్నాయన బయలుదేరితే, మనుషులు తాగే పాత్రలో అది పోస్తే నేను ఇంట్లోంచి పోతానని అడ్డం నిలబడ్డాను. మా తోట గట్టున నాలుగు చీనీ (బత్తాయి) చెట్లున్నాయి కదా అని చీనీకాయల రసం పోసి చూశాం. అది తియ్యటి పండు, సున్నానికి దాహం తీర్చింది తప్ప ఏమీ చేయలేదు. ఆఖరికి చింతపండు. ఏడాదికి సరిపడా అవ్వ అటక మీద దాచుకున్న దాన్ని అడిగి కొంత, అడక్క కొంత తీసి, చిక్కగా మరిగించి మూడు బుంగల నిండా పోసి పెట్టాం. ఒక రోజు నాననిచ్చి, పారబోసి, మళ్ళీ పోశాం. పెళుసు పెళుసుగా రేకులు ఊడి వచ్చాయి. బోరు నీళ్లతో తొలిచి చూస్తే, అబ్బ, ఆ గాజు! అవతల నిలబడ్డ మేక గడ్డం వెంట్రుకలు కూడా కనిపించాయి. చిన్నాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. మూడింటినీ మిద్దెమీద వరసగా బోర్లించి, ఎండకు ఆరబెట్టి వచ్చాం.

అన్నం తిని మిద్దెక్కి చూస్తే మళ్ళీ తెల్లగా ఉన్నాయి. మునుపటంత కాదు గానీ, లోపలంతా చుక్కలు చుక్కలుగా, గీతలు గీతలుగా, ముగ్గు చల్లినట్టు ఉంది. సరిగ్గా తొలవలేదనుకున్నాం. ఇంకో ముద్ద చింతపండు, ఇంకా ఎక్కువ బోరు నీళ్లు. తడిగా ఉన్నంతసేపు అద్దంలా మెరుస్తాయి, ఎండలో పెడితే పాలిపోతాయి. మర్నాడు మళ్ళీ అంతే. ఆ మర్నాడూ అంతే. ఎంత ఎక్కువ నీళ్లు పోసి కడిగితే అంత ఎక్కువ తెలుపు తిరుగుతోంది. బయటివైపు గుడ్డతో తుడుస్తాం కాబట్టి తళతళలాడుతోంది. లోపలికి చెయ్యి పోదు.

దీనికి కారణం చిన్నాయనే కనిపెట్టాడు. గాలికి నిలబడి చెమట తుడుచుకుంటూ ఒకరోజు బుంగను చుట్టూ తిరిగి చూసి, మా మట్టిమిద్దె గోడను చూసి, “పాపా, ఇది చవుడు” అన్నాడు. మా సీమలో పుట్టినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా మా గోడల్లోంచి తెల్లటి ఉప్పు ఊరి పైకి వస్తూనే ఉంటుంది, గీకితే రాలుతుంది, మళ్ళీ ఊరుతుంది. మా పొలాల్లోనూ అంతే. అన్నేళ్లు ఆ నీళ్లు తాగి తాగి గాజు ఒంట్లోకి ఉప్పు దిగిపోయిందని, ఎండ తగలగానే లోపలి నుంచి చెమటలా ఊరుతోందని ఆయన తేల్చాడు.

విన్నవాళ్లు నవ్వాలి. నేను నవ్వలేదు. నవ్వకపోగా, బలపం తీసుకుని తలుపు మీద గాజు బొమ్మ గీసి, అందులో సన్నటి రంధ్రాలు పెట్టి, వేడికి అవి ఎలా తెరుచుకుంటాయో, లోపలి లవణాలు ఎలా బయటికి నడిచి వస్తాయో బాణం గుర్తులతో వివరించాను. గాజుకు రంధ్రాలు ఉండవని నాకు తెలుసు. ఐనా మన ఊళ్లో గోడ ఊరుతుంది, నేల ఊరుతుంది, గాజు మాత్రం ఎందుకు ఊరకూడదు అనిపించింది. నా ఉపన్యాసం అయ్యాక అవ్వ లేచి మూడు బుంగలకూ కలిపి దిష్టి తీసింది. (తీసింది దేనితో అనుకున్నారు? పిడికెడు ఉప్పుతో.) చవుడు గోడకు పేడ అలికినట్టు గాజుకు లోపలి వైపు మైనం పూస్తే ఎలా ఉంటుందని చిన్నాయన, నేను ఒక పూటంతా గంభీరంగా చర్చించాం.

ఆదివారానికి నాలుగు రోజులే మిగిలాయి. ఆ పొద్దున చిన్నాయన యాడికి పోవడానికి పెట్టె సర్దుకుంటుంటే చూశాను. రెండు ప్యాంట్లు, దుప్పటి, గడ్డం గీసుకునే సామాను. ఎందుకిప్పుడే అని అడిగితే, ఆఖరి నిమిషంలో వెతుక్కోవడం ఎందుకులే అన్నాడు. ఆ మాట మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. చింతపండు అయిపోయిందన్న సాకుతో బస్సెక్కి ధర్మవరం పోయాను.

అక్కడ ఎండ నడినెత్తిన ఉంది. బజారులో ఒక బ్యాంకు పక్కన కొంచెం నీడ కనిపిస్తే నిలబడి కళ్లజోడు తీసి ముఖం తుడుచుకుంటున్నాను. పైనుంచి టప్పుమని ఒక చుక్క కళ్లజోడు అద్దం మీద పడింది. తలెత్తి చూస్తే బ్యాంకువాళ్ల ఏసీ పైపు. ఛీ అనుకుని, తుడిచే ఓపిక లేక అలాగే పెట్టుకుని కొట్టుకు పోయాను. చింతపండు కొని బయటికి వచ్చి చూస్తే, ఆ చుక్క ఎండిపోయింది. మచ్చ లేదు. నేను నడివీధిలో ఆగిపోయాను. ఇంట్లో నా కళ్లజోడు ఎప్పుడు కడిగినా, చుక్క పడిన చోటల్లా తెల్లటి ముద్ర మిగలాల్సిందే. రోజూ నోటి ఆవిరి ఊది చెంగుతో తుడుచుకోవడం నాకు అలవాటు, అది ఎందుకో ఏనాడూ ఆలోచించలేదు. వెనక్కి పరిగెత్తి మళ్ళీ ఆ పైపు కింద కళ్లజోడు పట్టాను, ఎండలో ఆరబెట్టాను, మళ్ళీ పట్టాను. ఆ బ్యాంకు గార్డు అన్న చాలాసేపు నన్ను గమనించి దగ్గరికి వచ్చాడు.

“ఏమ్మా, లోపల పనుండాదా, ఊరికే తడుస్తాండావా?”

“అన్నా, ఈ నీళ్లు ఎవురివి?” అన్నాను.

ఆయన పైపు వైపు, నా వైపు చూసి, “ఎవురివీ కాదు” అన్నాడు.

ఎవరివీ కాని నీళ్లు మా జిల్లాలో ఉంటాయని నేను అప్పుడే విన్నాను. సంగతి నాకు అంతటితో తేటతెల్లమైంది. గాజులో ఏ చవుడూ లేదు. చింతపండు మొదటి విడతలోనే గార మొత్తం తీసేసింది. ఆ తర్వాత రోజులన్నీ మేము మా బోరు సున్నం నీళ్లతో తొలిచి, ఎండలో ఆ సున్నాన్ని గాజుకు కొత్తగా పూస్తూ వచ్చాం. శ్రద్ధ ఎక్కువైన రోజు పూత ఎక్కువ పడింది. ఆఖరి తొలుపుడుకు ఉప్పు లేని నీళ్లు ఒక్క చెంబెడు చాలు. గాలిలోని తేమ చల్లబడి కారే నీళ్లలో ఉప్పు ఎక్కడిది?

ఇంటికి వచ్చి చెప్తే చిన్నాయన ముందుగా క్యాను వైపు చూశాడు. అవ్వ చూపు పక్కకు తిప్పకుండానే క్యాను మీద చెయ్యి వేసింది. “మనుషులు తాగేదానికే లేకుంటే బుడ్లు కడగతారంటనా” అంది. ఇక ఆ దారి మూసుకుపోయినట్టే. వాననీళ్లు పట్టుకుందామంటే, మా ఊళ్లో ఆ నెలలో ఆకాశం వైపు బిందె పట్టుకుని నిలబడితే ఆసుపత్రికి తీసుకుపోతారు. మర్నాడు నేను, చిన్నాయన ప్లాస్టిక్ క్యాను పట్టుకుని ధర్మవరం బ్యాంకు పక్కన దిగాం.

చుక్క పడుతుంది, ఆలోచిస్తుంది, ఇంకో చుక్క పడుతుంది. మా పొడిగాలిలో ఏసీకి మాత్రం తేమ ఎక్కడ దొరుకుతుంది! పూట గడిచినా క్యాను అడుగు తడవలేదు. చిన్నాయన నీరసపడిపోయాడు. ఇంతలో బ్యాంకు రద్దీ మొదలైంది. లోపల జనం కిక్కిరిశారు, తలుపు తీసినప్పుడల్లా గొడవ బయటికి వినిపిస్తోంది. జనం పెరిగిన కొద్దీ చుక్కలు దగ్గర దగ్గరగా పడసాగాయి, కాసేపటికి సన్నటి ధారే కట్టింది. ఎందుకో నాకు అర్థమై చిన్నాయనకు చెప్పాను: లోపలివాళ్ల ఊపిరిలోని తేమే ఇలా చల్లబడి మన క్యానులోకి వస్తోంది. ఆయన లేచాడు. గుమ్మం ముందు నిలబడి, లోపలికి పోవాలా వద్దా అని తటపటాయించేవాళ్లందరికీ, “పోండప్పా, లోపల సల్లగా ఉండాది, కూసోండి” అని మర్యాద చేయడం మొదలుపెట్టాడు. బ్యాంకులో పని లేనివాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు పోయి కూర్చున్నారు. గార్డు అన్న ఏదో అనబోయి, క్యాను నిండేదాకా ఊరుకున్నాడు. ఒక ముసలామె మేము భక్తిగా నీళ్లు పట్టడం చూసి, ఏ స్వామి తీర్థమని కూడా అడక్కుండా రెండు చుక్కలు నెత్తిన చల్లుకుని పోయింది.

ఆ నీళ్లను మరిగించి చల్లార్చి, చింతపండుతో ఆఖరిసారి కడిగిన బుంగల్లో తలా ఇంత పోసి, తిప్పి తిప్పి పారబోసి, మిద్దెమీద బోర్లించాం. ఈసారి అన్నానికి ఎవరూ కిందికి దిగలేదు. అవ్వ కూడా మెట్లెక్కి వచ్చి కూర్చుంది. ఎండ బుంగల మీదికి వచ్చింది. తడి ఆరుతూ ఆరుతూ పోయింది. గాజు గాజులాగే మిగిలింది. చిన్నాయన వెళ్ళి రసం తీయడానికి కాయలు ఒలవడం మొదలుపెట్టాడు.

ఆదివారం హోటలక్క చీరల సంచులతో ఆటో దిగింది. మూడు బుంగలూ వరండాలో బల్ల మీద ఉన్నాయి, మెడ దాకా కెంపు రంగు, అందులో దారాల్లాగా పైకి పాకుతున్న బుడగలు. నాయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. యాడికి బంధువు ఆ సాయంత్రం ఫోను చేస్తానన్నాడు, ఆయనకు ఏం చెప్పాలో నాయన చేతిలో ఉంది. హోటలక్క రసం తాగలేదు, ముందు బుంగకు ముఖం దగ్గరగా పెట్టి, మెడనూ భుజాలనూ వేలితో తడిమి, అవతల నిలబడ్డ చిన్నాయనను గాజులోంచి చూసింది. తర్వాత ఒక గ్లాసు పోయించుకుని నిలబడే తాగింది.

“ఇవి తీసుకపోతా. అయిపోయినంక మళ్ల నింపియ్యల్ల,” అంది. “పక్కన ఒక చీటీ పెడతా. ఎవురు చేసినారని అడుగుతారు గదా. పేరేమని రాయమంటావన్నా?”

చిన్నాయన అన్నీ ఆలోచించుకున్నాడు, ఆటోలో బుంగల కింద పరచాల్సిన గడ్డితో సహా. ఇది మాత్రం ఆలోచించుకోలేదు. మా ఇంట్లో పొలం పాసుబుక్కు నాయన పేరున, కరెంటు మీటరు నాయన పేరున, ఆఖరికి తేనెటీగల పెట్టెలు కూడా నాయన పేరునే కొన్నారు. నలభై ఏళ్ళకు దగ్గర పడిన ఆ మనిషి పేరు ఎక్కడా రాసి ఉండగా నేను చూడలేదు. “మా అన్న పేరు రాయక్కా” అన్నాడు.

నాయన స్తంభం వదిలి ముందుకు వచ్చాడు. “నా పేరేంటికిరా? నేనేం చేసినా? నీ పేరు చెప్పు.”

చిన్నాయన చెప్పాడు. మొదటిసారి సరిగ్గా వినపడలేదు. హోటలక్క మళ్ళీ అడిగితే గట్టిగా చెప్పాడు. ఆటో పోయాక, బంధువు చేసేదాకా ఆగకుండా నాయనే ఫోను తీసుకుని వాకిట్లోకి పోయాడు. మేమంతా వింటుండగానే అన్నాడు, “మావోడు రాలేడప్పా. వానికి ఈడ పనుండాది.” అంతే, ఇంకేం చెప్పలేదు. చిన్నాయన లోపలికి పోయి పెట్టెలోంచి దుప్పటి తీసి మంచం మీద పరుచుకున్నాడు.

ఇప్పుడు నేను అనంతపురంలో నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. ఊరి బోర్ల నుంచి వచ్చే సీసాలు రోజూ నా బల్ల మీద వరసగా ఉంటాయి. చిన్నాయనకు ఇప్పుడు ఒక షెడ్డు ఉంది, భార్య ఉంది, తెల్లవారుజామున లేవమంటే విసుక్కునే గుణం కూడా వచ్చింది. ఆయన పేరు నేను ఇక్కడ రాయను. లేపాక్షి పోయే దారిలో కౌంటరు మీద చీటీ ఉంటుంది, ఆగి చదువుకోండి, ఒక గ్లాసు తాగండి. నేను మాత్రం ఈ మధ్య ప్రతి రిపోర్టు అడుగునా “ఈ ఫలితం పరీక్షించిన నమూనాకు మాత్రమే వర్తించును” అని రాసి, సంతకం పెట్టేముందు మళ్ళీ ఒకసారి సరిచూసుకుంటున్నాను. గాజుకు చెమట పడుతుందని బలపం పట్టుకుని తలుపు మీద బాణాలు గీసిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. అంత ధైర్యంగా తప్పు చెప్పడం ఇప్పుడు నాకు చేతకాదు. ఆ పిల్ల ఒకవేళ ఉద్యోగం అడగడానికి మా ల్యాబుకు వస్తే నేను ఇవ్వను. కానీ టీ తాగించి, బస్సు దాకా పోయి ఎక్కించి వస్తాను.